సోలెడు పిండి ఎన్ని తులాలు?

మీసం తీసేస్తే మనిషి ఇంత చిన్నవాడైపోతాడని తామ్రగిరి కోట వాకిట నిలబడేదాకా నాకు తెలియదు. నేను చంపకావతి యువరాజు ఉదగ్రసేనుణ్ణి. నా మీసాల మీద మా ఆస్థాన కవులు నూటపదహారు పద్యాలు చెప్పారు. ఆ మీసాలను ముందురోజు ఒక వాగు ఒడ్డున నా చేత్తో నేనే గొరిగేసుకుని, నడుముకు మాసిన పంచె బిగించి, భుజాన బారెడు ఇనుప గరిటె వేసుకుని, గరిటె గంగన్న అనే పేరుతో వచ్చాను. కావలివాడు నన్ను కిందికీ మీదికీ చూసి, "వంటవాడివా? అయ్యో పాపం!" అన్నాడు. నన్ను చూసి ఎవరైనా జాలిపడటం అదే మొదలు.

కోట మాత్రం కన్నులపండువుగా ఉంది. రాగిరేకులు తాపిన ప్రాకారాలు ఉదయపుటెండలో కాగిన నేతిలా మెరుస్తున్నాయి. బురుజు బురుజుకూ ఒక నిలువెత్తు తక్కెడ వేలాడుతోంది. గాలి వీచినప్పుడల్లా ఆ పళ్ళేలు ఒకదానికొకటి తగిలి వేయి గజ్జెలు కట్టుకున్న నర్తకిలా ఘల్లుమంటున్నాయి. సింహద్వారం మీద నీలాలు పొదిగిన అక్షరాలు: "తూకానికి లొంగనిదేదీ లోపలికి రాదు."

నేను అక్కడికి ఎందుకు వచ్చానో చెప్పుకోవాలి, చెప్పుకుంటే సిగ్గయినా సరే. నెలరోజుల కిందట ఒక రత్నాల వర్తకుడు మా అక్క కొలువుకు వచ్చాడు. మా అక్క అంటే చంపకావతిని ఏలుతున్న మహారాణి మరకతవల్లి. "అమ్మా, నా బంగారు తక్కెడలో ఒక్కసారి కూర్చోండి. తమ ఎత్తు ముత్యాలు కానుకగా సమర్పించుకుంటాను" అన్నాడు వర్తకుడు. అక్క వద్దంది. పక్కన కూర్చున్న నేను, "కూర్చో అక్కా, సరదాగా ఉంటుంది!" అన్నాను.

అక్క కూర్చుంది. వర్తకుడు ఏదో గొణిగాడు. చూస్తూండగానే అక్క బరువంతా కారిపోయి అవతలి పళ్ళెంలో పిడికెడు కంచురాయిగా ముద్దకట్టింది. నేను కత్తి దూసేసరికి వర్తకుడూ లేడు, రాయీ లేదు. అక్క సభామంటపం కప్పుకు ఆనుకుని, జారిపోతున్న కిరీటాన్ని రెండు చేతులా పట్టుకుని ఉంది. "నిజమేరా ఉదగ్రా, చాలా సరదాగా ఉంది" అంది అక్కడి నుంచి.

ఆ వర్తకుడే తామ్రగిరి మాంత్రికుడు తులాభైరవుడు. మనుషుల బరువులు దొంగిలించి తూనికరాళ్ళుగా దాచుకోవడం అతని వ్యసనం. అక్కను పట్టుతాళ్ళతో మంచానికి కట్టి ఉంచాము. రోజురోజుకూ ఆమె ఇంకా తేలికైపోతోంది. పున్నమి దాటితే ఏ తాడూ ఆపలేదని వైద్యులు చెప్పారు. పున్నమికి ఇంకా పదకొండు రోజులే ఉంది. తులాభైరవుడి కోటలోకి కొత్తవాళ్ళను రానిచ్చే పని ఒక్కటే, వంటపని. అందుకే నా మీసాలు వాగులో కలిశాయి.

కావలివాడు నన్ను నేరుగా వంటశాలకు తీసుకుపోయాడు. అది వంటశాల కాదు, సభాభవనం. ముప్పై పొయ్యిలు, మనిషి మునిగే గంగాళాలు, పొగ పట్టి నల్లబడిన మహావృక్షాల దూలాలు. మధ్యలో ఏనుగును తూచగల తక్కెడ. ఒక పక్క గోడ పొడవునా రాతి అరలు, ఆ అరల నిండా పిడికెడేసి కంచురాళ్ళు, నూటికి పైగా. తక్కెడ పక్కన సింహాసనం మీద తులాభైరవుడు కూర్చున్నాడు. కొండకు గడ్డం మొలిచినట్టున్నాడు. మెళ్ళో రాళ్ళ గొలుసు, చెవులకు రాళ్ళ పోగులు, అడుగు తీసి అడుగు వేస్తే నేల బెదిరేది.

"వంటవాడా!" అని గర్జించి నా చేతిలో ఒక తాటాకు పెట్టాడు. "నా చిన్నతనంలో మా అమ్మ తేనెముద్దలు చేసేది. ఆవిడ రాసి పెట్టింది ఇదొక్కటే మిగిలింది. చదువు."

చదివాను. "జల్లించిన గోధుమపిండి నాలుగు సోలలు. నెయ్యి రెండు సోలలు. తేనె రెండు సోలలు. బెల్లం పొడి సోలెడు. వేయించిన నువ్వులు సోలెడు."

"నా కోటలో సోల లేదు, గిద్ద లేదు, మానిక లేదు. కొలపాత్రలన్నీ పగలగొట్టించాను. ఇక్కడ తూకమే ధర్మం. ఈ సోలలన్నింటినీ తులాల్లోకి మార్చాలి. తూచి వండాలి. ఏది ఎన్ని తులాలో నాకు అప్పజెప్పాలి, గోడ మీద చెక్కించుకుంటాను. రుచి కుదిరిందా, కోరింది ఇస్తాను. నేను మాట తప్పితే నా మంత్రం తప్పుతుంది, కాబట్టి తప్పను. కుదరలేదా..."

చూపుడువేలు పైకెత్తాడు. నేనూ తలెత్తాను. దూలాల మధ్య పన్నెండుమంది వంటవాళ్ళు గాలిబుడగల్లా కప్పుకు ఆని తేలుతున్నారు. ఒకాయన నాకు నమస్కారం కూడా పెట్టాడు.

వాళ్ళను చూసి భయపడవలసింది. నేను మాత్రం నవ్వుకున్నాను. ఎందుకంటే గురుకులంలో మా గణితాచార్యులు చెప్పిన పద్యం నాకు గుర్తుంది: "సోలెడు నీరు తూగును ఇరువది తులముల్..." సోల అంటే ఇరవై తులాలు! ఇంత చిన్న లెక్క చెయ్యలేక పన్నెండుమంది పైకెగిరారా అనుకున్నాను. ఆ పద్యానికి ఇంకా మూడు పాదాలున్నాయి. వాటి సమయంలో నేను నిద్రపోయాను.

"ప్రభూ, పిండి ఎనభై తులాలు, నెయ్యి నలభై, తేనె నలభై, బెల్లం ఇరవై, నువ్వులు ఇరవై" అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అంత వేగంగా ఎవరూ చెప్పలేదు కాబోలు, తులాభైరవుడు కనుబొమలు ఎగరేశాడు. పైనున్న వాళ్ళలో ఒక ఆడమనిషి మాత్రం, "చచ్చాడు!" అంది. నేను పట్టించుకోలేదు.

అవన్నీ తూచి గంగాళంలో వేశాను. అంతకుముందు నేను వండినదల్లా వేటలో కాల్చిన మాంసమే. పిండి నెయ్యిని తాగేసి ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచింది. తేనె పోశాను. అదీ ఎక్కడికి పోయిందో తెలియలేదు. ముద్ద కట్టదు. ఇసుకలా రాలిపోతోంది. అప్పుడు నా క్షాత్రం మేలుకొంది. మంట పెంచాను. గరిటెను గదలా తిప్పాను. పిండిని రెండు చేతులా పట్టి, మల్లయుద్ధంలో ప్రత్యర్థి మెడను నొక్కినట్టు నొక్కాను. చివరికి ఎనిమిది ఉండలు తయారయ్యాయి. ఒకటి చేయిజారి కింద పడితే బండ బీట వారింది.

తులాభైరవుడు ఒకటి నోట్లో వేసుకుని కొరికాడు. కటుక్కుమన్న శబ్దం ముప్పై పొయ్యిల అవతలికి వినిపించింది. అతను నోట్లోంచి తీసి అరచేతిలో పెట్టుకున్నది తేనెముద్ద కాదు, పన్ను.

ఆ తరువాత జరిగినది చాలా త్వరగా జరిగింది. నలుగురు భటులు నన్నెత్తి పెద్ద తక్కెడలో కుదేశారు. మాంత్రికుడు బుగ్గ పట్టుకుంటూనే మంత్రం చదివాడు. పన్ను పోయి ఉచ్చారణ కొంచెం తేడాగా వచ్చినా మంత్రం పనిచేసింది. అరికాళ్ళలోంచి వెచ్చని నీళ్ళు కారిపోతున్నట్టనిపించింది. మరుక్షణం వంటశాల నేల నాకు దూరమైపోతోంది. నెత్తి ఠక్కుమని దూలానికి తగిలింది.

"రా నాయనా, ఈ పక్కకు జరుగు. అక్కడ మసి ఎక్కువ" అంది ఇందాకటి ఆడమనిషి.

ఆవిడ పేరు కాచమ్మ. ఏభై దాటిన మనిషి, గుండ్రటి ముఖం, కాలినమచ్చల చేతులు. పదిహేను ఊళ్ళ పెళ్ళిళ్ళకు వండిన చెయ్యి అది. ఒక చేత్తో దూలం పట్టుకుని, రెండో చేత్తో నా పంచె కొంగు పట్టుకుని లాగింది.

"నువ్వెట్లా ఓడిపోయావమ్మా?" అని అడిగాను.

"నేను ఓడిపోలేదు. కంటితో చూసి వేశాను, బ్రహ్మాండంగా కుదిరింది. ఆయన నోట్లో పెట్టుకోకముందే, ఏది ఎన్ని తులాలు వేశావని అడిగాడు. నాకేం తెలుసు నాయనా? నా జన్మలో తూచి వండితేగా! చెప్పలేకపోయాను, పైకొచ్చాను." ఆవిడ నా మొహంలోకి చూసింది. "నువ్వేమో అంకెలు గడగడా చెప్పావు. నీ మొహం చూస్తే పిండి ఎప్పుడూ ముట్టుకున్నట్టు లేదు. అన్నిటికీ ఒకే బరువేమిటి? సోలెడు పిండీ సోలెడు తేనే ఒక్కలాగే తూగుతాయా?"

"సోల అంటే సోలే కదమ్మా!"

"సోలెడు దూదీ సోలెడు ఇసుకా మోసి చూడు, తెలుస్తుంది."

గురువుగారు మిగిలిన మూడు పాదాల్లో ఏం చెప్పి ఉంటారో అప్పుడు, దూలానికి నెత్తి ఆనించుకుని, అర్థమైంది. పన్నెండేళ్ళు చదువు చెప్పిన మనిషి చెప్పలేకపోయినది ఈవిడ ఒక్క మాటలో చెప్పింది. కాదు, ఆయన చెప్పాడు. నేనే వినలేదు.

"కానీ అమ్మా, కొలవడానికి సోల కావాలి. కోటలో సోల లేదే?"

కాచమ్మ రెండు చేతులూ దోసిలిగా కలిపి నా ముక్కు కింద పెట్టింది. "ఇదేమిటి మరి? నేను కాపురానికి వచ్చిన మర్నాడే మా అత్త నా దోసెడు బియ్యం సోలలో పోసి చూసింది. గింజ ఎక్కువ లేదు, గింజ తక్కువ లేదు. ముప్పై ఏళ్ళుగా నా దోసెడే నా సోల."

"ఇప్పుడు నీ బరువు పోయింది కదా?"

"బరువు పోయింది గాని చెయ్యి చిన్నదైందా?"

నేను కిందికి తల వంచి గావుకేక పెట్టాను. "ప్రభూ! తులాభైరవ ప్రభూ! ఇంకొక్క అవకాశం! ఈసారి తప్పితే మమ్మల్నిద్దరినీ కోట బయటికి వదిలెయ్యండి. ఆకాశంలోకి పోతాం!"

మాంత్రికుడు బుగ్గకు తడిగుడ్డ అద్దుకుంటూ పైకి చూశాడు. పన్ను పోయిన కోపం ఒక పక్క, అమ్మ చేతి తేనెముద్ద మీద ఆశ ఒక పక్క. ఆశే గెలిచింది. "పొద్దు వాలేలోగా!" అన్నాడు.

భటులు పొడవాటి కొక్కేలతో మమ్మల్ని కిందికి లాగారు. మళ్ళీ ఎగిరిపోకుండా నా నడుముకు రుబ్బురోలు పొత్రం కట్టారు. కాచమ్మ మెళ్ళో ఇనుప అట్లపెనం వేలాడదీశారు. ఆ వేషంతో మేము పనిలోకి దిగాం. చంపకావతి కవులు ఎవరూ అక్కడ లేనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

కాచమ్మ ముందుగా ఒక కొబ్బరికాయ కొట్టించింది. పెద్ద చిప్పను తీసుకుని లోపలి కొబ్బరంతా గీకేసింది. తన దోసెడు బియ్యం అందులో పోసి, చిప్పను నేలకు రెండుసార్లు తట్టి, బియ్యం ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ కత్తిమొనతో గీత గీసింది. "ఇదిగో నీ సోల" అంది.

నేను ఉత్సాహంగా ఆ బియ్యాన్ని చిప్పతో సహా చిన్న తక్కెడలో పెట్టాను. తులాల రాళ్ళు కూడా కంచువే. రెండు తులాల రాయి ఒక పిచ్చుక బరువని, అయిదు తులాలది ఒక ఎలుకదని తక్కెడ దగ్గరి భటుడు గర్వంగా చెప్పాడు. ఆ పిచ్చుక ఎక్కడుందో అడగడానికి మనసొప్పలేదు.

"ఇరవైనాలుగు తులాలు!" అని కేకేశాను.

"చిప్పను కూడా తింటాడా ఆయన?" అంది కాచమ్మ.

చిప్పను విడిగా తూచాను. ఏడు తులాలు. తీసేస్తే బియ్యం పదిహేడు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఆ రోజుకు నాకు వచ్చిన మంచి ఆలోచన అదొక్కటే కనుక చెప్పుకుంటాను. గీత దాకా నీళ్ళు పోసి తూచాను. చిప్ప పోగా సరిగ్గా ఇరవై తులాలు! గురువుగారి పద్యం మొదటి పాదం నిజమైంది, కాచమ్మ దోసెడు నిజమైంది. ఆవిడ నాకేసి మొదటిసారి మెచ్చుకోలుగా చూసి, "నీళ్ళ సంగతి నీకు తెలుసు నాయనా. ఇక మిగతావి నేర్చుకో" అంది.

పిండి దగ్గర నేను మళ్ళీ నా తెలివి చూపించాను. చిప్పలో పోసి బొటనవేలితో గట్టిగా కూరి తూచాను. పద్నాలుగు తులాలు. కాచమ్మ నా చెయ్యి మీద చిన్న దెబ్బ వేసింది. "ఆకు మీద ఏముంది? జల్లించిన పిండి అని రాసిందా లేదా ఆ తల్లి? జల్లెడలోంచి పడ్డది పడ్డట్టు ఉండాలి. నొక్కితే అది పిండి కాదు, పిడక." జల్లించి, వానలా పడనిచ్చి, గీత దగ్గర కత్తి వీపుతో మెల్లగా సర్దింది. పదకొండు తులాలు. నేను ఇరవై అన్నానని గుర్తొచ్చి నా చెవులు వేడెక్కాయి.

నువ్వులు పన్నెండు. బెల్లం పొడి పదిహేను. నెయ్యి పద్దెనిమిది. ఇక తేనె. అన్నింటికన్నా కింద పెట్టిన జాడీలోంచి బంగారు జలతారులా దిగింది, పోయడానికే చాలాసేపు పట్టింది. తూచాను. నమ్మలేదు. మళ్ళీ తూచాను. చిప్ప ఏడూ తీసేశాను. మూడోసారి కూడా అదే వచ్చింది.

"ఇరవై ఎనిమిది!"

"నీళ్ళకన్నా తేనె బరువే మరి. చెంచాడు నీళ్ళల్లో వేసి చూడు, ఎటు పోతుందో" అంది కాచమ్మ. పదిహేను ఊళ్ళ పెళ్ళికూతుళ్ళకు ఆవిడ ఇలాగే చెప్పి ఉంటుంది. నేను మాత్రం రెండు యుద్ధాలు గెలిచి, తేనె నీళ్ళలో మునుగుతుందని ఆ పూట తెలుసుకున్నాను.

లెక్క వేశాను. పిండి నాలుగు సోలలు నలభైనాలుగు తులాలు. నెయ్యి ముప్పైఆరు, తేనె ఏభైఆరు, బెల్లం పదిహేను, నువ్వులు పన్నెండు. కాచమ్మ తూచినవన్నీ పళ్ళేల్లో సిద్ధంగా పెట్టుకుని, సన్నని సెగ మీద పిండిని నేతిలో వేయించింది. కమ్మటి వాసన దూలాల దాకా వెళ్ళింది. పైనున్న పదకొండుమందీ ఒక్కసారిగా ఊపిరి పీల్చారు. బెల్లం కరిగించి, దింపాక తేనె కలిపింది. ముద్ద దానంతటదే కట్టుకుంది, పసిపిల్ల బుగ్గలా మెత్తగా.

పొద్దు ఇంకా రెండు బారలుంది. తులాభైరవుడు పన్ను లేని వైపు జాగ్రత్తగా తప్పించి, ఒక ముద్దను రెండో దవడకు పెట్టుకున్నాడు. అతను నమలడం మానేశాడు. ఇంకొకటి తిన్నాడు. మూడోది చేత్తో పట్టుకుని దానికేసి చూస్తూ, చిన్న గొంతుతో, "మా అమ్మ నువ్వులు ఇంకొంచెం ఎర్రగా వేయించేది" అన్నాడు. అంత కొండలాంటి మనిషి మొహంలో ఆ క్షణం ఆరేళ్ళవాడు కనిపించాడు. నాకు అతని మీద జాలేసింది. జాలి పడుతూనే, నేను అంకెలు అప్పజెప్పాను.

"కోరుకో" అన్నాడు కళ్ళు తుడుచుకుని.

"చంపకావతి మహారాణి బరువు ఇప్పించండి."

అతను నన్ను పరకాయించి చూశాడు. మెల్లగా నవ్వు మొదలై గడ్డమంతా కదిలింది. "నువ్వా! 'కూర్చో అక్కా, సరదాగా ఉంటుంది' అన్న తమ్ముడివి నువ్వేనా! మీసం లేకపోతే పోల్చలేదు. సరే, మాట మాటే. అవిగో అరలు. నూటపదమూడు రాళ్ళు. ఒక్కదాని మీద ఒక్కసారే చెయ్యి వెయ్యాలి. అది మీ అక్కది అయితే చేతికి వస్తుంది. కాకపోతే నీ చెయ్యి అరకు అతుక్కుంటుంది, నువ్వు కూడా రాయివై అక్కడే కూర్చుంటావు."

అన్నీ ఒకే పరిమాణం, ఒకే రంగు. పేర్లు లేవు. ప్రతి రాయి మీదా దాని బరువు మాత్రం చెక్కి ఉంది. చివర వెచ్చగా ఆవిరి కక్కుతున్న కొత్త రాయి నాదని తెలిసిపోయింది: నలభైనాలుగు వీశలు. నేను నడిస్తే భూమి దద్దరిల్లుతుందని రాసిన కవిని తలుచుకున్నాను. దాని పక్కది తనదని కాచమ్మ చూపించింది: ఏభైమూడు వీశలు.

"మీ అక్క బరువెంత?" అంది కాచమ్మ నా చెవిలో.

"తెలియదమ్మా. అయిదేళ్ళ కిందట పట్టాభిషేకానికి బియ్యంతో తులాభారం తూచాం. మానికతో నేనే పోశాను. డెబ్బై మానికలు."

"గోపురం కట్టి పోశావా, అంచుకు సమంగా గీసి పోశావా?"

"గీసే. పురోహితుడు పక్కన నిలబడి గీయించాడు."

మానికకు నాలుగు సోలలు. డెబ్బై మానికలు రెండువందల ఎనభై సోలలు. సోలెడు బియ్యం పదిహేడు తులాలు, ఇందాకే తూచాం. వేళ్ళు మడుస్తూ, పెదవులు కదుపుతూ, ఒకసారి తప్పి మళ్ళీ మొదలుపెట్టి, నాలుగువేల ఏడువందల అరవై తులాలని తేల్చాను. నూట ఇరవై తులాలకు ఒక వీశ. ముప్పైతొమ్మిది వీశల ఎనభై తులాలు!

అరల వెంట పరుగెత్తాను. పొత్రం మోకాళ్ళకు కొట్టుకుంటోంది. దానికి బాగా దగ్గరగా ముప్పైతొమ్మిది వీశల డెబ్బై తులాల రాయి ఒకటి దొరికింది. చెయ్యి చాపాను.

"ఆగు!" కాచమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. పైవరసలో ఇంకో రాయి చూపించింది. నలభైఒక్క వీశల ముప్పై. "అయిదేళ్ళలో మనిషి బరువు మారదా నాయనా? అక్క చిక్కిందా, ఒళ్ళు చేసిందా?"

నేనూ అక్కా ఒకే కోటలో ఉంటాం. రోజూ ఒకే పంక్తిలో తింటాం. నేను నా విస్తరికేసి, అద్దంలో నా మీసాలకేసి తప్ప ఎటూ చూడలేదని ఆ అరల ముందు నిలబడ్డప్పుడు తెలిసింది. అక్క చిక్కిపోయిందా? రాచకార్యాల్లో తిండి మానేసిందా? రాత్రిళ్ళు నిద్రపోతోందా? శత్రురాజుల ఏనుగులెన్నో చెప్పగలను గాని, ఇది చెప్పలేను.

మాంత్రికుడు పళ్ళెంలోంచి నాలుగో ముద్ద తీసుకుంటూ, "తొందరేం లేదు" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఉగాదికి కంసాలి వచ్చి అక్క వడ్డాణానికి రెండు కొత్త పలకలు అతికాడు. నేను అటే పోతూ, "అక్కా, సింహాసనం కూడా కాస్త వెడల్పు చేయించకూడదూ?" అన్నాను. అక్క తమలపాకుల పెట్టె విసిరింది. అది నా భుజానికి తగిలింది, రెండు రోజులు నొప్పి పుట్టింది.

"ఒళ్ళు చేసిందమ్మా! నేను వెక్కిరించాను!"

"వెక్కిరించి బతికించావు" అంది కాచమ్మ.

కళ్ళు మూసుకుని నలభైఒక్క వీశల ముప్పై మీద చెయ్యి వేశాను. అది కదిలింది. అరలోంచి ఊడి నా రెండు చేతుల్లోకి వచ్చింది. పిడికెడు రాయే, కానీ దాన్ని మొయ్యలేక మోకాళ్ళు వంగాయి. ఒక నిండు మనిషిని ఎత్తుకున్నట్టుంది. చిన్నప్పుడు ఏరు దాటేటప్పుడు నన్ను చంకనేసుకుని నడిచిన మనిషి ఈ బరువుదే.

తులాభైరవుడు చప్పట్లు కొట్టాడు. "భేష్! రాయి నీది. కానీ రాయి ఇస్తానన్నాను గాని, గడప దాటనిస్తానన్నానా? రేపటి నుంచి పూటకు నలభై ముద్దలు. మీరిద్దరూ ఇక ఈ పొయ్యిల దగ్గరే." అలా అని వేలు ఊపాడు. ముప్పైమంది భటులు ఈటెలు చాచి ద్వారం మూశారు.

అక్క రాయిని పంచె కొంగులో ముడివేసి నడుముకు బిగించి, కత్తి దూయబోయాను. నా నడుమున ఉన్నది గరిటె. తప్పదు, దాన్నే దూశాను. మొదటి ఈటెను తప్పించాను. రెండోదాన్ని గరిటె గుంటలో పట్టి విరిచాను. విరిగిన ఈటె మొనతో నడుముకున్న తాడు కోసేసరికి పొత్రం ముందున్న భటుడి పాదం మీద పడింది. అతని అరుపుకు మిగతావాళ్ళు వెనక్కి తగ్గారు. నా బరువు లేకపోయినా అక్క బరువు నన్ను నేల మీద నిలబెట్టింది.

"అమ్మా, నీ రాయి?" అని అరిచాను.

"ఉండనీలే నాయనా! ముప్పై ఏళ్ళు పొయ్యిల ముందు నిలబడ్డ కాళ్ళు, కొన్నాళ్ళు తేలనీ! తరువాత వచ్చి తీసుకుందాం, వీళ్ళందరివీ కలిపి!" అంది పైకి చూస్తూ. పైనున్న పదకొండుమందీ ఆ మాటకు దూలాల మీది మసిని గుప్పెళ్ళతో భటుల కళ్ళల్లోకి రాల్చారు. వంటశాల అంతా అమావాస్యలా అయింది.

తడుముకుంటూ వెనక గోడకు పోయాం. కుడితినీళ్ళు పారబోసే పెద్ద కిటికీ ఒకటి తెరిచి ఉంది. కాచమ్మ మెళ్ళో అట్లపెనం తీసి, వెంటపడుతున్న తులాభైరవుడి మీదికి విసిరింది. అది అతని రెండో దవడకు తగిలింది. ఆవిడ పైకి లేచిపోతూ నా జుట్టుముడి ఒడిసిపట్టుకుంది. నేను కిటికీ మీద కాలు పెట్టి చూశాను. ఎక్కడో కింద ఎండలో వెండితాడులా ఒక నది.

దూకాను.

గాలి చెవుల్లో హోరుమంది. కోట గోడ రాగికాంతులతో పైకి పరుగెడుతోంది. అక్క బరువుతో నేను కిందికి, నా జుట్టు పట్టుకుని గాలిపటంలా కాచమ్మ పైన. పిండి పదకొండు, నువ్వులు పన్నెండు, బెల్లం పదిహేను, బియ్యం పదిహేడు, నెయ్యి పద్దెనిమిది, నీళ్ళు ఇరవై, తేనె ఇరవై ఎనిమిది. ప్రపంచంలో ఏది ఎంత తూగుతుందో ఆ క్షణాన నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదనిపించింది.

"నాయనా!" అని పైనుంచి కాచమ్మ కేక పెట్టింది. "ఈ నది లోతెంత?"

అది నేను కొలవలేదు.